నవ్వు రికార్డులో లేదు

కౌంటీ జైలు, ప్లమ్ ఫోర్క్, నెబ్రాస్కా
ఫిబ్రవరి 19

ప్రియమైన, పూజ్యురాలైన, ఈపాటికి నా మీద నిప్పులు కక్కుతున్న అక్కకు,

నీ ఏకైక తమ్ముడు మైలో వాండ్రా, వయసు ఇరవై మూడు, చదువు చరిత్రలో డిగ్రీ, ఉద్యోగం ధాన్యం గోదాములో, ప్రస్తుత నివాసం నాలుగో నంబరు గది, సవినయంగా రాసుకునేది.

అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది కాబట్టి నీకు సగమే అర్థమై ఉంటుంది. మిగతా సగం ఇది. ఆదివారం తెల్లవారుజామున మన డాన్స్ హాలు తగలబడింది. మన ముత్తాత మేకులు కొట్టిన హాలు, అమ్మానాన్నల పెళ్లి విందు జరిగిన హాలు, నువ్వు పోల్కా డాన్స్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్న హాలు. గోడలు లేవు, వేదిక లేదు, వంటగది పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. వెనక గదిలో ఉండే కాపలాదారు లాడీ తాత ఒళ్లు కాలి, పొగ మింగి, లింకన్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. బుధవారం నన్ను అరెస్టు చేశారు.

నన్నే ఎందుకంటావా? శనివారం డాన్స్‌లో మైకు నా చేతిలో ఉంది. బ్యాండు వాళ్లు ఒకే పోల్కా పాట పన్నెండోసారి మొదలుపెట్టారు. "ఈ పాట ఆగాలంటే హాలు తగలబెట్టడం ఒక్కటే మార్గం" అన్నాను. ఎనభై మంది విన్నారు, ఎనభై మందీ నవ్వారు. మర్నాటికి ఎనభై మందీ సాక్షులయ్యారు. పైగా ఆదివారం పొద్దున్నే నా ట్రక్కు హాలు ముందు ఆగి ఉండటం పాల బండి ఆయన చూశాడు.

కాబట్టి ఇందుమూలంగా నీ సమక్షంలో ఒప్పుకుంటున్నాను: మైలో వాండ్రా అను నేను, ఆరేళ్ల వయసులో మన పెరట్లోని కోళ్ల గూడు తగలబెట్టి ఈ వృత్తిలో అడుగుపెట్టి, పదిహేడేళ్ల కఠోర సాధనతో డాన్స్ హాలు స్థాయికి ఎదిగాను. తర్వాతి లక్ష్యం కౌంటీ కోర్టు. అప్పుడు నా నేరాన్ని నువ్వు నెత్తిన వేసుకుని నాన్న చేత చీవాట్లు తిన్నావు. ఈసారి నీకా సౌకర్యం లేనట్టుంది.

ఇక్కడ పెన్ను కూడా వేలెడే ఇస్తారు, రబ్బరుది, మెత్తగా వంగుతుంది. అక్షరాలు వంకరపోయింది అందువల్లే అని రాద్దామనుకున్నాను. అందువల్ల కాదక్కా. బెయిలు మన తాహతుకు మించి పెట్టారు. తలుపు మూసిన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను.

నీ పాత నేరస్తుడు,
మైలో


కార్వర్, నెబ్రాస్కా
ఫిబ్రవరి 24

ప్రియమైన మైలో,

ముందు నోరు ముయ్యి.

నీ ఉత్తరం నా దగ్గరికి వచ్చేసరికి కవరు చింపి, మళ్లీ అంటించి ఉంది. జైలు నుంచి బయటికి పోయే ప్రతి ఉత్తరం చదువుతారు, అవసరమనుకుంటే నకలు తీసుకుంటారు. ఫోను మాట్లాడితే రికార్డు చేస్తారు. నువ్వు నీ లాయరుకు రాసేది, లాయరు నీకు రాసేది, ఆ రెండే చదవకూడదు. భార్యకు చెప్పుకున్న మాటకు కొంత కాపుదల ఉంది. చర్చిలో ఫాదరుకు చెప్పిన దానికి ఉంది, డాక్టరుకు చెప్పిన దానికి ఉంది. అక్కకు లేదురా. చట్టం దృష్టిలో అక్కా, బస్టాపులో పక్కన నిలబడ్డ మనిషీ ఒకటే. రేపు నన్ను బోనెక్కించి, ప్రమాణం చేయించి, "మీ తమ్ముడు మీకేం రాశాడు?" అని అడిగితే నేను చెప్పి తీరాలి.

నేను కోర్టులో ఏం చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వెప్పుడూ "పియానో వాయిస్తుంది, పాట రాదు" అని ఊరంతా చెప్పావు. విను. పదకొండేళ్లుగా ఆ చిన్న స్టెనో యంత్రం ముందు కూర్చుని గదిలో పలికిన ప్రతి మాటా కొడతాను. మాటలే కొడతాను. సాక్షి తల ఊపితే నా చేతులు కదలవు. అప్పుడు జడ్జి "రికార్డు కోసం నోటితో చెప్పండి" అంటాడు. కన్ను గీటితే కొట్టను. వెటకారం కొట్టడానికి నా యంత్రంలో మీట లేదు. నవ్వు రికార్డులోకి రాదు మైలో, ఎవరైనా లాయరు లేచి "నవ్వినట్టు నమోదు చేయండి" అని అడిగితే తప్ప. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

నాలుగేళ్ల కిందట ఒకతను బోనులో నిలబడి, "ఆహా, నేనే చేశాను, ఇంకెవరు చేస్తారు!" అన్నాడు. ఆ గొంతు వింటే పసివాడికైనా తెలుస్తుంది, ఒళ్లు మండి అన్నాడని. నేను కొట్టింది: నేనే చేశాను. ఇంకెవరు చేస్తారు. తర్వాత పై కోర్టులో ముగ్గురు జడ్జీలు అతని గొంతు వినలేదు. నా కాగితం చదివారు. అతను ఇంకా లోపలే ఉన్నాడు.

నువ్వేం చేశావో, ఏం చేయలేదో నాకు రాయకు. నేను అడగను. ఎవరితోనూ ఏమీ అనకు, పక్క మంచం మనిషితో కూడా. లాయరు వచ్చేదాకా నీకు తెలిసిన మాట ఒకటే ఉండాలి: "మా లాయరుతో మాట్లాడండి."

ఇంకొకటి. కోళ్ల గూడు మాట ఇంకెప్పుడూ ఎత్తకు.

నీ అక్క,
లియోనా

సాక్సులు పంపాను. ఇవ్వకపోతే అడుగు. అడిగేటప్పుడు జోకు వేయకు.


కౌంటీ జైలు
మార్చి 6

ప్రియమైన అక్కకు, నీకంటే ముందు ఈ ఉత్తరం చదువుతున్న డిప్యూటీ గారికి నమస్కారాలతో,

(తప్పయింది. కొట్టేద్దామంటే ఉన్నది ఒక్కటే కాగితం.)

సాక్సులు అందాయి. జోకు వేయలేదు. చాలా కష్టపడ్డాను.

లాయరు వచ్చింది. ప్రభుత్వమే పెట్టిన లాయరు, పేరు డార్లీన్ కూప్‌మన్. చంకలో నలభై ఫైళ్లు, అందులో నాది పైనుంచి తొమ్మిదోది. కూర్చుంటూనే అడిగింది:

"కెఫేలో డిప్యూటీతో ఏమన్నావు?"

హాలు కాలిన ఆదివారం సాయంత్రం పోలీసు డిప్యూటీ గ్రేడీ నా పక్కన కూర్చుని యాపిల్ పై తింటూ, "ఏరా మైలో, హాలు నువ్వే తగలబెట్టావటగా?" అన్నాడు. "అవును సార్. పన్నెండో పోల్కా. ఆత్మరక్షణ కోసం చేశాను" అన్నాను. "ఎలా చేశావేమిటి?" అన్నాడు. "ఒక్క అగ్గిపుల్లతో. దుబారా నాకు గిట్టదు" అన్నాను. కెఫే అంతా నవ్వింది. గ్రేడీ కూడా నవ్వాడు, నా ప్లేటులోంచి ఒక ముక్క కూడా తీసుకున్నాడు.

డార్లీన్ మేడమ్ రిపోర్టు తీసి చూపించింది. రెండు వాక్యాలు. హాలు తగలబెట్టినట్టు నిందితుడు ఒప్పుకున్నాడు. ఒక్క అగ్గిపుల్ల వాడినట్టు చెప్పాడు. నవ్వు లేదు, పోల్కా లేదు, యాపిల్ పై ముక్క అసలే లేదు. నీ ఉత్తరం అప్పుడు నిజంగా అర్థమైంది.

"మరి నా హక్కులు చదవలేదు కదా మేడమ్?" అన్నాను, సినిమాల్లో చూసిన తెలివితో.

"నువ్వప్పుడు కస్టడీలో లేవు నాయనా. లేచి వెళ్లిపోవచ్చు. హెచ్చరిక చదవాల్సింది పట్టుకుని కూర్చోబెట్టి అడిగేటప్పుడు. స్టేషన్లో చదివారా?"

చదివారక్కా. అదీ చెబుతాను, ఎలాగూ వాళ్ల టేపులో ఉంది. "మౌనంగా ఉండే హక్కు నీకుంది" అన్నాడు గ్రేడీ. "హక్కుంది సార్, అలవాటే లేదు" అన్నాను. "లాయరును పెట్టుకునే హక్కుంది" అన్నాడు. "మనిద్దరి మధ్య లాయరెందుకు సార్" అన్నాను. కాగితం ముందు పెట్టాడు. ఆ హక్కులన్నీ వదులుకుంటున్నానని దానిమీద సంతకం పెట్టి, పక్కన నవ్వు మొహం బొమ్మ కూడా గీశాను.

అది విని డార్లీన్ మేడమ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఇక్కడ అలమరలో రాజ్యాంగం పుస్తకం ఉంది, అరచేతిలో ఇమిడేంత. నాలుగుసార్లు చదివాను. ఐదో సవరణ: తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. అది రాసిన పెద్దమనుషుల్లో ఒకాయనకైనా నాలాంటి తమ్ముడు ఉండి ఉండాలి. డిగ్రీలో ఇదే పాఠానికి నాకు మంచి మార్కులొచ్చాయి.

ఇక నవ్వు రాని సంగతి. లాడీ తాతకు ఇంకా స్పృహ రాలేదు. ఆయన పోతే ఇది నిప్పు కేసుగా ఉండదట. నిప్పు పెట్టడం వల్ల మనిషి పోతే, చంపాలని అనుకోకపోయినా, దాన్ని హత్య అంటారట. బతికినన్నాళ్లూ లోపలే. చిన్నప్పుడు నా జేబులో పిప్పరమెంట్లు వేసిన మనిషి ఊపిరి మీద నా ఊపిరి వేలాడుతోంది. ప్రాసిక్యూటరు స్టీడ్ గారు బేరం పెట్టారు: ఇప్పుడే ఒప్పుకుంటే ఎనిమిదేళ్లు. తాత పోయాక ఆ బేరం ఉండదు. ప్రతి పొద్దునా తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినగానే, ఆ వార్తే తెస్తున్నారని లేచి గోడకు ఆనుకుంటాను.

నువ్వు అడగనన్నావు. ఎందుకో అర్థమైంది. కానీ ఒక్క మాట: నాకు స్టీడ్ గారంటే ఉన్న భయం కంటే, నువ్వు అడగనన్నావే, ఆ మాటంటే ఎక్కువ భయంగా ఉంది.

నీ
మైలో


కార్వర్
మార్చి 15

ప్రియమైన మైలో,

ఒప్పుకోమని చెప్పను, వద్దనీ చెప్పను. అది నీ లాయరూ, నువ్వూ తేల్చుకోవాలి. నాకు తెలిసింది రాస్తాను.

నిర్దోషివని నువ్వు రుజువు చేయక్కర్లేదు. నువ్వే చేశావని స్టీడ్ గారే రుజువు చేయాలి, అదీ సహేతుకమైన అనుమానం మిగలకుండా. పన్నెండుమంది జ్యూరీ, పన్నెండుమందీ ఒకే మాట మీదికి రావాలి. నువ్వు బోనెక్కకపోతే, ఎందుకు ఎక్కలేదని జ్యూరీ లెక్కలోకి తీసుకోకూడదని జడ్జి వాళ్లకు చెబుతాడు. ఆ వాక్యం నేను రెండు వందలసార్లు కొట్టి ఉంటాను. చెప్పినప్పుడు వాళ్ల మొహాలు కూడా చూశాను. కొందరు వింటారు. కొందరు నీ వంకే చూస్తూ ఉంటారు.

భయపెట్టడానికి రాయలేదు. నాకూ భయంగానే ఉంది.

నేను అడగకపోవడానికి కారణం నువ్వనుకుంటున్నది కాదు. అంతకంటే ఇక్కడ రాయలేను.

అన్నం మానేయకు. అమ్మ పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెలు పంపితే లోపలికి రానివ్వలేదట. వచ్చాక తిందువుగాని.

అక్క


కౌంటీ జైలు
ఏప్రిల్ 3

ప్రియమైన అక్కకు,

లాడీ తాత కళ్లు తెరిచాడు!

హత్య అన్న మాట నా నెత్తి మీద నుంచి దిగిపోయింది. డార్లీన్ మేడమ్ చెప్పగానే కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను, ఆవిడ ఫైళ్ల మీదే. కానీ ఆ పొద్దున ఏం జరిగిందో ఆయనకు ఏమీ గుర్తులేదట. పడుకోవడం గుర్తుంది, ఆసుపత్రి పైకప్పు గుర్తుంది, మధ్యలో ఖాళీ. నేను చేశానని అనడు, చేయలేదని అనలేడు.

ఎనిమిదేళ్ల బేరం వద్దన్నాను. ఆ మాట ధైర్యంగానే అన్నాను. గదికి వచ్చాక లెక్క వేశాను. ఓడిపోతే ఇరవై ఏళ్లదాకా పడొచ్చు. బయటికొచ్చేసరికి నాకు నలభై మూడు.

నీ ఉత్తరం రాక మూడు వారాలైంది. రాయక్కా. సాక్సుల గురించైనా రాయి.

మైలో


కౌంటీ జైలు
ఏప్రిల్ 22

అక్కా,

ఈరోజు మేడమ్ ప్రభుత్వం తరఫు సాక్షుల జాబితా తెచ్చింది. పాల బండి ఆయన. గ్రేడీ. అగ్నిమాపక శాఖ నిపుణుడు. మైకు దగ్గర నిలబడ్డ ముగ్గురు. ఏడో పేరు: లియోనా వాండ్రా.

అందుకా రాయడం మానేశావు?

ఫిబ్రవరిలో నేను రాసిన ఉత్తరం నకలు స్టీడ్ గారి దగ్గర ఉంది. కోళ్ల గూడుతో సహా. మనిషి పాత తప్పులు చూపించి కొత్త తప్పు అంటగట్టకూడదని నియమం ఉందట, ఆ ముక్క తీసేయమని మేడమ్ కొట్లాడింది. ఒప్పుకోలు మధ్యలో అది ఉంది కాబట్టి ఉత్తరం మొత్తం ఉంటుందన్నాడు జడ్జి. ఆరేళ్ల పిల్లాడు చేసిన పనిని నేనే బంగారు పళ్లెంలో పెట్టి వాళ్లకు అందించాను. నువ్వొక్కదానివే చూశావు దాన్ని. నిన్నే అడుగుతారు.

అన్నం సయించడం లేదు.

మైలో


కార్వర్
మే 28

ప్రియమైన మైలో,

కోర్టు సమన్లు నాకు మార్చిలోనే వచ్చాయి. ఇంకో అక్షరం రాస్తే అదీ సాక్ష్యమవుతుందని ఆగిపోయాను. నువ్వు రాసిన ప్రతిదీ చదివాను. కారులో కూర్చుని, అద్దాలెక్కించుకుని చదివాను.

"నిజమే చెబుతాను, నిజం తప్ప మరేదీ చెప్పను." ఎంతమంది చేత ఆ మాట చెప్పించగా నా వేళ్లు కొట్టాయో లెక్కలేదు. చెయ్యెత్తి నేనెప్పుడూ అనలేదు. వచ్చేనెల అనాలి. అన్నాక, అడిగినదానికి జవాబు చెప్పాలి. నా జవాబు వల్ల నువ్వు నన్ను ఎలా చూస్తావోనని భయంగా ఉంది. పనిలో తప్పులు పోతున్నాయి. నిన్న ఒక సాక్షి "కోడి" అంటే నా చేతులు ఆగిపోయాయి.

నన్ను క్షమించు. దేనికో అప్పుడు నీకే తెలుస్తుంది.

అక్క


కౌంటీ జైలు
జూన్ 1

ప్రియమైన అక్కకు,

దేనికో నాకు ఇప్పుడే తెలుసు, క్షమించడానికేమీ లేదు. నిజమే చెప్పు. ఒకసారి నాకోసం అబద్ధమాడావు, చాలు. ప్రమాణం చేసి ఇంకోసారి ఆడితే నిన్నూ ఇక్కడే పెడతారు, ఇక్కడ ఆడవాళ్ల గదుల్లో తిండి ఇంకా అధ్వాన్నమట.

ఆరోజు గూడు వెనక అగ్గిపెట్టెతో ఆడుకున్నది నేనే. మూడు పుల్లలు గీశాను, గుర్తుంది. తర్వాత కోళ్ల అరుపులు గుర్తున్నాయి. నువ్వొచ్చి నా చెవిలో "నేనే చేశానని నాన్నకు చెప్పేశాను, నువ్వు నోరెత్తకు" అన్నావు. ఆరోజు నుంచి నేను అగ్గిపుల్ల ముట్టలేదు, నీకు తెలుసుగా. పుట్టినరోజు కొవ్వొత్తులు అమ్మే వెలిగిస్తుంది, నేను గుమ్మం దగ్గర నిలబడతాను. ఇన్నేళ్లూ నీకు గిన్నెలు కడిగింది, కారు తుడిచింది ఆ రుణానికే. నేనేమీ బాధపడలేదు. అలాంటి అక్క ఎవరికుంది?

కాబట్టి స్టీడ్ గారు అడిగితే, చూసింది చూసినట్టు చెప్పేయ్. నా వైపు చూడకు. చూస్తే నాకు నవ్వొస్తుంది. నవ్వు రాకపోతే ఇంకోటి వస్తుంది.

నీ తమ్ముడు,
మైలో


ప్లమ్ ఫోర్క్, అమ్మ వంటగది
జూన్ 17

ప్రియమైన అక్కకు, మోసగత్తెకు, అబద్ధాలకోరుకు, సిగరెట్ల దొంగకు,

తీర్పు అమ్మ ఫోన్లో చెప్పే ఉంటుంది. కానీ బోను దిగినదానివి దిగినట్టే తలొంచుకుని కారెక్కి, ఆగకుండా ఆరు గంటలు నడుపుకుంటూ పోయావు. నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియాలి. నువ్వు లాయర్ల వైపు చూస్తూ కూర్చున్నావు. నేను జ్యూరీ వైపు చూస్తూ కూర్చున్నాను.

స్టీడ్ గారు నీ చేతికి నా ఉత్తరం ఇచ్చి, "బిగ్గరగా చదవండమ్మా" అన్నాడు. నువ్వు చదువుతుంటే ముందు నా వీపంతా చెమట. తర్వాత వింతగా అనిపించింది. నువ్వు కోర్టు గొంతుతో చదవలేదు. నా గొంతుతో చదివావు. ఆగాల్సిన చోట ఆగావు, "సవినయంగా" దగ్గర ముక్కుతో పలికావు. "తర్వాతి లక్ష్యం కౌంటీ కోర్టు" దగ్గర మూడో నంబరు జ్యూరర్, ఆ పందుల పెంపకం ఆయన, రెండు రోజులుగా కొయ్యబారి కూర్చున్నవాడు, కిసుక్కున నవ్వాడు. ఆ వెంటనే పక్కావిడ. తర్వాత పన్నెండుమందీ. తలుపు దగ్గర గ్రేడీ కూడా, పాపం, అలవాటుకొద్దీ.

నువ్వు అప్పుడు ఎటు చూశావో నేను చూశాను. యంత్రం ముందున్న ఆవిడ చేతుల వైపు. అవి కదలడం లేదు.

డార్లీన్ మేడమ్ లేచింది. నవ్వు రికార్డులోకి రాదన్న నీ ఉత్తరంలోని ముక్క ఆవిడకు నేను మార్చిలోనే చెప్పాను. "యువర్ ఆనర్, జ్యూరీ నవ్వినట్టు రికార్డులో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను." జడ్జి గడ్డం గోక్కున్నాడు. "నమోదు చేయండి. నేను నవ్విన సంగతి రాయనక్కర్లేదు" అన్నాడు. ఆవిడ వేళ్లు కదిలాయి. అంతే, ఇక గట్టెక్కాననుకున్నాను.

స్టీడ్ గారికి ఒళ్లు మండింది. అప్పటిదాకా అడగాలా వద్దా అని పక్కన పెట్టుకున్న కాగితం తీశాడు.

"నవ్వులు సరే. ఆ కోళ్ల గూడు సంగతి చెప్పండి. అది తగలబడినప్పుడు మీ తమ్ముడి వయసెంత?"

మేడమ్ "అభ్యంతరం" అని అరిచింది. జడ్జి కొట్టేశాడు.

"ఆరు," అన్నావు.

"అతను నిప్పు పెడుతుంటే మీరు చూశారా?"

"లేదు."

"చూడకుండానే ఆ నేరం మీ నెత్తిన వేసుకున్నారా? అతనే చేశాడని అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"అతను చేయలేదని కచ్చితంగా తెలుసు."

స్టీడ్ గారు ఆగాల్సింది. ఆగలేదు. "ఎలాగమ్మా?"

"చేసింది నేను కాబట్టి. పద్నాలుగేళ్లు నాకు. గూట్లో కూర్చుని దొంగతనంగా సిగరెట్టు తాగుతూ గడ్డిలో పడేశాను."

"కానీ మీ నాన్నగారికి మీరు అబద్ధం..."

"నాన్నకు నిజమే చెప్పానండి. అబద్ధం చెప్పింది మా తమ్ముడికి. వాడి చేతిలో అగ్గిపెట్టె చూశాను, వాడే చేశాడని నమ్మించి, కాపాడుతున్నట్టు నటించాను. పదిహేడేళ్లు వాడి చేత గిన్నెలు కడిగించుకున్నాను. అప్పట్నుంచి వాడు అగ్గిపుల్ల గీయలేడు. నిప్పంటే వాడికి వణుకు. అది నేను పెట్టిన భయం."

ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. అదీ రికార్డులోకి రాదు కదా. నేను లేచి "ఒసే!" అని అరవబోయాను. మేడమ్ హైహీలుతో నా పాదం తొక్కింది. గుర్తు ఇంకా ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

అగ్నిమాపక నిపుణుడు కూడా, పాత నూనె పొయ్యి వల్ల అంటుకుని ఉండొచ్చు, కాదని చెప్పలేనన్నాడు. నేను బోనెక్కలేదు. నువ్వు ఇప్పటిదాకా చెప్పింది చాలు అంది మేడమ్. జీవితంలో మొదటిసారి ఒక గదినిండా జనం నా గురించే మాట్లాడుతుంటే మూడు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నాను.

జ్యూరీ నాలుగున్నర గంటలు లోపల ఉంది. ఆ నాలుగున్నర గంటలు ఎలా గడిచాయో రాయలేనక్కా. ఫిబ్రవరి నుంచి పడ్డ భయమంతా ఒక ఎత్తు, అవి ఒక ఎత్తు. వాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోతే ప్రమాదమని జైల్లో అందరూ అంటారు. మూడో నంబరు ఆయనే జ్యూరీ పెద్ద. లేచి కాగితం విప్పాడు, కళ్లజోడు మర్చిపోయాడు, జేబులు తడుముకున్నాడు. నేను అక్కడే చచ్చి మళ్లీ పుట్టాను. "నిర్దోషి" అన్నాడు.

ఇక చట్టం మాట. ఐదో సవరణలోనే ఇంకో వాక్యం ఉంది, నీకు తెలుసు: ఒకసారి విడిచిపెట్టిన మనిషిని అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. అంటే ఇప్పుడు "హాలు నేనే తగలబెట్టాను" అని వాటర్ ట్యాంకు మీద రంగుతో రాసినా, ఆ కేసు మళ్లీ తెరవలేరు. నా జీవితంలో ఇంత గొప్ప జోకుకు ఇంత గొప్ప అవకాశం మళ్లీ రాదు. నిన్న పగలంతా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాయాలనిపించలేదు.

దానికి బదులు ఇది రాస్తున్నాను. ఇన్ని ఉత్తరాలు రాశాను కానీ ఈ ముక్క ఒక్కదాంట్లోనూ లేదు. మొదట జోకుల్లో పడి రాయలేదు, తర్వాత నువ్వు వద్దంటే రాయలేదు. ఆ పొద్దున మర్చిపోయిన కోటు కోసం హాలు దగ్గరికి వెళ్లాను. తలుపు తాళం వేసి ఉంది. పొగ లేదు, వాసన లేదు. తాతను లేపడమెందుకని వెనక్కి వచ్చేశాను. లేపి ఉంటే బాగుండేది. అది మాత్రం ఎన్నాళ్లైనా నన్ను వదలదు.

నువ్వెందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది. నేను నిప్పు పెట్టలేనని నీకు ముందే తెలుసు. అయినా తల ఊపితే చాలదని నువ్వే అన్నావు. రికార్డు కోసం నోటితో చెబుతున్నాను: నేను కాల్చలేదక్కా.

కోపం ఉంది. చాలా ఉంది. ఫోన్లో దిగేది కాదు, వచ్చి ఎదురుగా కూర్చుని తిట్లు తిను. సింకు నిండా గిన్నెలున్నాయి, ఒక్కటీ ముట్టనివ్వడం లేదు అమ్మను.

నీ తమ్ముడు,
మైలో

నిన్న అమ్మ పుట్టినరోజు. కొవ్వొత్తులు నేను వెలిగిస్తానన్నాను. రెండు పుల్లలు చేతిలోనే ఆరిపోయాయి, వేళ్లు అంతలా వణికాయి. మూడోది అంటుకుంది. ఎవరూ నవ్వలేదు.